చేతికర్రకు పదునొకండవ గుణము

దండమునకు పది గుణములు కలవని పెద్దలు చెప్పిరి. పక్షిని తోలుటకు, కుక్కను అదలించుటకు, శత్రువును నిలువరించుటకు, పామును తొలగించుటకు, పశువును మళ్లించుటకు అది పనికివచ్చును. బురదలో నేల గట్టిదనమును, నీటిలో లోతును ముందుగా తెలుపును. చూపు లేనివానికి, చీకటిలో నడచువానికి, ముదిమిచే వంగినవానికి ఊతయగును. ఈ పదింటిలో శత్రువునకు దక్కిన స్థానము ఒక్కటియే. తక్కినవన్నియు నిత్యజీవితమునకు సంబంధించినవి. అందుచేతనే రైతు చేతికర్రతో పొలమునకు బయలుదేరినప్పుడు, అతడు ఆయుధపాణియై పోవుచున్నాడని ఎవరును తలపలేదు.

నేడు అంగళ్లలో ఒక క్రొత్త దండము కనబడుచున్నది. దీనిని స్టన్ బాటన్ అందురు. విద్యుదాఘాత దండమని చెప్పవచ్చును. పొట్టిరకము చేతిసంచిలో ఇముడును. మీట నొక్కిన చివరనున్న లోహపు మొనల నడుమ చిటచిటలాడుచు నీలిమెరుపు పుట్టును. రాత్రి వేళ పని ముగించుకొని ఇంటికి చేరవలసిన యువతులు, పరాయి ఊళ్లలో ఒంటరిగా చదువుకొను విద్యార్థినులు, తెల్లవారుజామున వాహ్యాళికి వెడలు వృద్ధులు దీనిని కొనవలెనా, కొన్నచో ఎట్టిది కొనవలెనని ఆలోచించుచున్నారు. ఈ ఆలోచన వెనుక భయమున్నది. 2012లో ఢిల్లీలోను, 2019లో హైదరాబాదు పొలిమేరలోను జరిగిన ఘోరములను విన్న తలిదండ్రులకు ఆ భయము నిష్కారణమని ఎవరు చెప్పగలరు? అయితే భయముతో కొనువాడు అట్టపై ముద్రించిన మాటలను సులభముగా నమ్మును. కావున వస్తువు యొక్క స్వభావమును ముందుగా తెలిసికొనుట మేలు.

ఈ దండమునకు దగ్గరి పూర్వీకురాలు పశువులను తోలు కర్ర. మన ముల్లుకర్ర చేయు పనినే పాశ్చాత్య దేశములలో విద్యుత్తుతో చేయించిరి. 1960 దశకమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పౌరహక్కులను కోరుచు ఊరేగిన నల్లజాతివారిపై పోలీసులు ఆ పశువుల కర్రలనే ప్రయోగించిరి. పిమ్మట జాక్ కవర్ అను శాస్త్రజ్ఞుడు దూరమునుండి తీగెలతో కూడిన ములుకులను విసరు టేజర్ అను సాధనమును కల్పించి 1974లో పేటెంటు పొందెను. ఆ టేజరు వేరు, ఈ దండము వేరు. టేజరు ములుకులు శరీరమున ఎడమెడముగా నాటుకొని నడిమి కండరములను బిగింపజేయును. దండపు మొనలు దగ్గరదగ్గరగా ఉండుటచే అది తాకిన చోట తీవ్రమైన బాధను మాత్రమే కలిగించును. దీనిని ఎరుగని కొనుగోలుదారు, ఒక్క తాకిడితో ఎంతటివాడైనను నేల కూలునని భ్రమపడును.

ఇక అట్టపై ముద్రించిన అంకెల మాట. 10 లక్షల వోల్టులని ఒకరు, 50 లక్షల వోల్టులని ఇంకొకరు ప్రకటింతురు. ఈ అంకెలను పరీక్షించుటకు కూడికలు, గుణకారములు చాలును. పొడిగాలిలో ఒక సెంటీమీటరు దూరము మెరుపు దూకుటకు సుమారు 30,000 వోల్టులు చాలును. మొనల నడుమ ఎడము 5 సెంటీమీటర్లయినచో, ఆ మెరుపునకు కావలసినది లక్షన్నర వోల్టులకు మించదు. నిజముగా 10 లక్షల వోల్టులే ఉన్నచో మెరుపు అడుగునకు పైబడిన దూరము దూకవలెను. మరియొక మాట. చలికాలమున తివాచీపై నడచి తలుపుపిడిని తాకినప్పుడు వ్రేలికి చురుక్కుమనిపించు మెరుపులోను వేల వోల్టులుండును. దానివలన ఎవరికిని హాని లేదు. ప్రవహించు విద్యుత్తు ఎంత, ఎంతసేపు, శరీరములో ఎంత మేర అనునవియే ఫలితమును నిర్ణయించును. పెద్ద అంకె చూచి కొనుట, గంట పెద్దదని గడియారము కొనుట వంటిది.

అయినచో ఏమి చూచి కొనవలెను? మొదటిది పొడవు. చిన్నది సంచిలో సులభముగా ఇముడును గాని, దానిని ప్రయోగించుటకు దుండగుని కౌగిటి దూరమునకు పోవలెను. కొంత పొడవైనది ఆ ఎడమును కాపాడును. కాని పైకి తీయుట ఆలస్యమగును. రెండవది పక్కలనుండు లోహపు పట్టీలు. అవి ఉన్నచో ఎదుటివాడు కర్రను ఒడిసి పట్టుకొనలేడు. మూడవది రక్షణమీట. మొదట ఒక మీట వేసి, పిదప ఇంకొకటి నొక్కినగాని పనిచేయని ఏర్పాటు ఉండవలెను. లేనిచో సంచిలో చేయిపెట్టిన బిడ్డకే అపాయము. నాల్గవది మణికట్టు త్రాడు. కొన్నింటిలో కర్రను ఎవడైనను లాగుకొన్నచో త్రాటితోపాటు ఒక చీల ఊడివచ్చి యంత్రము మూగవోవును. ఇది లక్షల వోల్టులకంటె విలువైన ఏర్పాటు. అయిదవది టార్చిలైటు. పదిమార్లలో తొమ్మిదిమార్లు అక్కరకు వచ్చునది వెలుగే.

కొన్న తరువాతను పని కలదు. నెలకొకసారి బ్యాటరీని నింపి, ఒక్క క్షణము మీట నొక్కి చూడవలెను. సంచి అడుగున గుడ్డలక్రింద దాచిన దండము ఇంటిలో మరచిన దండముతో సమానము. దళసరి దుస్తులపై దీని ప్రభావము తగ్గును. మత్తులో ఉన్నవానికి బాధ తెలియకపోవచ్చును. క్షణమాత్రపు తాకిడి ఉలికిపాటును కలిగించును. అంతకు మించిన ఫలితము కావలెనన్న కొన్ని సెకండ్లు అదిమిపట్టవలెను. పెట్రోలు, వంటగ్యాసు ఆవిరులున్న చోట మెరుపు పుట్టించుట ఆత్మహత్యా సదృశము. గుండెజబ్బు కలవారికి ఈ ఆఘాతము కీడు చేయవచ్చును. ఇది గెలుచుటకైన ఆయుధము కాదు. పారిపోవుటకు నాలుగడుగుల వ్యవధిని సంపాదించునది మాత్రమే.

చట్టము చెప్పునదియు ఇదియే. 1860 నాటి శిక్షాస్మృతి ప్రతి మనిషికిని ఆత్మరక్షణ హక్కును ఒసగెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆ హక్కును నిలిపినవి. రక్షణకు అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయరాదన్నది దాని హద్దు. పడిపోయినవానిని మరల తాకించుట రక్షణ అనిపించుకొనదు. అంగడిలో దొరకినంత మాత్రమున అనుమతి ఉన్నదని తలపరాదు. 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి ఆయుధ నియమములు ఈ సాధనమునకు ఎట్లు వర్తించునో పోలీసు అధికారులను అడిగి తెలిసికొనుట మంచిది. విమానములో వెంట ఉంచుకొను సంచిలో దీనికి చోటు లేదు. చదువులకై లండనుకు పోవు మన బిడ్డలు దీనిని పెట్టెలో కూడ పెట్టుకొని పోరాదు. బ్రిటనులో 1968 నాటి ఆయుధ శాసనము క్రింద ఇది నిషిద్ధము.

ఈ నిషేధములు ఒక్కొక్కప్పుడు ఎవరి మెడకు చుట్టుకొనునో అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యము తెలుపుచున్నది. మసాచుసెట్సు రాష్ట్రములో ఒక స్త్రీ, తన బిడ్డల తండ్రియైనవాని చేతి దెబ్బలకు ఆసుపత్రి పాలై, నిలువ నీడ లేనిదయ్యెను. అతడు ఆమెను సమీపింపరాదని న్యాయస్థానము పలుమార్లు ఉత్తర్వులిచ్చినను అవి కాగితములపైననే మిగిలెను. ఒక స్నేహితుడు ఆమెకు చిన్న విద్యుదాఘాత సాధనమును ఇచ్చెను. ఒకనాటి రాత్రి ఆమె పని ముగించి వెలుపలికి వచ్చునప్పటికి అతడు కాచుకొని ఉండెను. ఆమెకంటె దాదాపు ఒక అడుగు పొడవరి, ఎంతో బరువైనవాడు. ఆమె పారిపోలేదు; సాధనమును పైకి తీసి చూపి, తన దారికి అడ్డురావలదని చెప్పెను. అతడు భయపడి వెళ్లిపోయెను. మీట నొక్కవలసిన అవసరమే రాలేదు.

2011లో వేరొక సందర్భమున పోలీసులు ఆమె సంచి వెదకినప్పుడు ఆ సాధనము బయటపడెను. నిషిద్ధ వస్తువును కలిగియుండుట నేరమని ఆమెను శిక్షార్హురాలిగా తీర్మానించిరి. ఆమెను కాపాడలేకపోయిన ఉత్తర్వులకు శిక్ష లేదు. తన్ను తాను కాపాడుకొన్న ఆమెకు కలదు. 2015లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించినది. 2016 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా దానిని కొట్టివేసినది. 2018లో ఆ రాష్ట్ర న్యాయస్థానమే సంపూర్ణ నిషేధము చెల్లదని ప్రకటించినది.

నాణెమునకు ఇంకొక వైపును చూడవలెను. చెరసాలలో నిస్సహాయునిపై ఎత్తినప్పుడు ఈ దండమే చిత్రహింసా సాధనమగును. చిత్రహింసకు ఉపకరించు వస్తువుల వాణిజ్యమును అదుపుచేయుచు 2005లో ఐరోపా సమాఖ్య చేసిన నిబంధన, చేతబట్టు విద్యుదాఘాత సాధనములను కూడ తన పరిధిలోనికి తెచ్చినది. ఒక స్త్రీని ఇంటికి చేర్చిన వస్తువే వేరొక చేతిలో మనిషిని పశువుగా చేయును. భేదము వోల్టులలో లేదు. పట్టిన చేతిలో ఉన్నది.

పాత దండపు పది గుణములలో ఈ క్రొత్తదానికి ఎన్ని దక్కినవి? కుక్క, శత్రువు, టార్చి పుణ్యమా అని చీకటి. బురదలో ఊతము కాదు. నీరు తగిలిన తానే చెడును. ముదుసలి దీనిపై ఆనుకొనలేడు. దీనిని కొనియిచ్చు తండ్రి, దీనితోపాటు 112 అను అంకెను, వెలుగున్న వీధిని ఎంచుకొను అలవాటును, గొంతెత్తి అరచుటకు సిగ్గుపడరాదన్న మాటను కూడ బిడ్డకు ఇయ్యవలెను. మసాచుసెట్సు స్త్రీ చేతిలో ఆ రాత్రి మెరిసినది, పెద్దలు లెక్కింపని పదునొకండవ గుణము: కొట్టకయే పని నెరవేర్చుట. అంగట కొన్న దండములో అది ఉండదు. దానిని పట్టువారు అలవరచుకొనవలెను.