ట్రస్టు అనగా నమ్మకమేనా?



కడచిన మాఘమాసంలో, నిడదవోలులో కోట సత్తెమ్మ అమ్మవారి దర్శనం చేసుకొని వెళుతూ ఒక రైతు మా అరుగు మీద కొంతసేపు విశ్రమించారు. ఆయన తండ్రిగారు ఏనాడో తమ ఊరి దేవాలయానికి ఎకరం పల్లపు భూమి రాసి ఇచ్చారట. "శాస్త్రిగారండీ, కాగితాల్లో ట్రస్టు అని ఉందండి. ట్రస్టంటే నమ్మకమని మావాడు చెప్పాడు. మరి మా నాన్న ఎవర్ని నమ్మినట్టండీ? రేపు ఆ నమ్మకం పోతే పొలం మాకు తిరిగి వస్తుందా?" అని అడిగారు.

"దేవుణ్ణి నమ్మి ఇచ్చినదేనండీ" అని చెప్పి పంపివేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన అడిగినది పొలం సంగతి. నేను చెప్పినది మనసు సంగతి. ఈ పత్రిక అట్ట మీద ప్రతి మాసమూ మీరు చూసే ఆ చిన్న మాటకు నేనే సరిగా అర్థం చెప్పలేకపోయాను.

ఇంగ్లీషు వారి వాడుకలో ఈ ఒక్క మాట చాలా వేషాలు వేస్తుంది. మా మనుమడు తన ఫోనుకూ కంప్యూటరుకూ తీగ కలిపితే, దీనిని ట్రస్టు చేయమంటారా అని అది అడుగుతుంది. అక్కడ నమ్మకమనే అర్థం సరిపోతుంది. వ్యాపారంలో సరిపోదు. 1882లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ వాటాదారులు తమ వాటాలను తొమ్మండుగురు ట్రస్టీల చేతిలో పెట్టారు. ఆ తొమ్మండుగురి చేతిలో ఆ దేశపు చమురు వ్యాపారంలో అధికభాగం చిక్కుకొన్నది. నాటి నుంచి అక్కడి వారికి ట్రస్టు అంటే గుత్తాధిపత్యమనే అర్థం స్థిరపడి, 1890లో దానిని అణచడానికి ఒక చట్టమే పుట్టింది. 1911లో ఆ సంస్థను ముక్కలు చేయమని వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజనీతిలో మరొక అర్థం: స్వపరిపాలనకు ఇంకా రాని ప్రాంతాలను ఇతర దేశాల సంరక్షణలో ఉంచడానికి ఐక్యరాజ్యసమితి 1945లో ఒక ట్రస్టీషిప్ మండలిని ఏర్పరచింది. ధనవంతుడు తన ధనానికి స్వామి కాడు, ధర్మకర్త మాత్రమే అనే భావానికి గాంధీ మహాత్ముడు పెట్టుకొన్న పేరు కూడా ట్రస్టీషిప్పే.

చమురు ట్రస్టు పుట్టిన 1882లోనే మన దేశంలో ట్రస్టుల చట్టం వచ్చింది. అది చెప్పే ట్రస్టులో ముగ్గురుంటారు: ఆస్తి ఇచ్చేవాడు, పట్టుకొని ఉండేవాడు, ఫలం అనుభవించేవాడు. ఆస్తి మధ్యవాని పేరనే ఉంటుంది. ఫలం మాత్రం అతనిది కాదు.

ఈ మధ్యవానిని మన శాస్త్రకారులు బాగా ఎరుగుదురు. విశ్వాసమనే మాట శ్వస ధాతువు నుంచి వచ్చింది. నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవడమే అందులోని భావమని నాకు తోస్తుంది. ట్రస్టుకు సరియైన సంస్కృతపదం అది కాదు, న్యాసం. 'ని' అనే ఉపసర్గ మీద, విసరడమనే అర్థం గల అస ధాతువు. దించి ఉంచడమని భావం. ఇంగ్లీషు మాటకు నేనేమి వంక పెట్టగలను? ఈ న్యాసం కూడా వేషాలలో తక్కువది కాదు. పూజకు ముందు మీరు చూసే అంగన్యాస కరన్యాసాలు మంత్రాలను శరీరావయవాలలో ఉంచడం. సంగీతంలో రాగం వచ్చి నిలిచే స్వరం న్యాసం. వ్యాకరణంలో కాశికావృత్తికి జినేంద్రబుద్ధి రచించిన వ్యాఖ్య న్యాసం. సర్వమూ దించివేస్తే సన్న్యాసం.

వ్యవహారంలో న్యాసమంటే ఒకరు దాచమని ఇచ్చిన సొత్తు. దానినే నిక్షేపమని కూడా అంటారు. మనువు లెక్కించిన పద్దెనిమిది వివాదపదాలలో ఋణం తరువాత నిలిచినది ఇదే. దాచమన్న సొమ్మును అనుమతి లేక వాడుకొన్నవానిని దండించి, వృద్ధితో సహా ఇప్పించమన్నాడు యాజ్ఞవల్క్యుడు. రాజో, దైవమో, దొంగలో హరిస్తే అతని తప్పు కాదనీ అన్నాడు. భాసుని స్వప్నవాసవదత్తలో మారువేషంలో ఉన్న మంత్రి యౌగంధరాయణుడు ఉదయనుని రాణి వాసవదత్తను తన చెల్లెలని చెప్పి మగధ రాజకుమారి పద్మావతి వద్ద న్యాసంగా ఉంచుతాడు. ధనమైనా, ప్రాణమైనా, తపస్సైనా సుఖంగా ఇవ్వవచ్చు గాని న్యాసాన్ని కాపాడడం కష్టమని అక్కడి కంచుకి సందేహిస్తాడు. నాకు మరీ ఇష్టమైన ఘట్టం చివరిది. ఆ న్యాసాన్ని తిరిగి అడగడానికి అతడు వచ్చినప్పుడు, సాక్షుల ఎదుట అప్పగించమని ఉదయనుడు ఆదేశిస్తాడు. రాజకుమారి మాట చాలదా అని ఎవరూ నొచ్చుకోరు.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని రైతు ప్రశ్నకు ఇది కూడా పూర్తి సమాధానం కాదు. న్యాసమైతే ఇచ్చినవాడు తిరిగి అడగవచ్చు కదా! దేవునికిచ్చినది న్యాసం కాదు, దానం. 1882 చట్టం కూడా ధార్మిక సంస్థలకిచ్చిన ఆస్తులు తన పరిధిలోనివి కావని మొదటనే చెప్పుకొన్నది. 1921లో ఒక మఠం భూమి శాశ్వత కౌలు వివాదం లండనులోని ప్రీవీ కౌన్సిలుకు వెళ్లినప్పుడు, మఠాధిపతి ఇంగ్లీషు అర్థంలో ట్రస్టీ కాడనీ, ఆస్తి అతనికి సంక్రమించదనీ, అతడు నిర్వాహకుడనీ అమీర్ అలీగారు తీర్పు వ్రాశారు. 1925లో కలకత్తాలో ఒక కుటుంబంవారు తమ ఇంటి విగ్రహాన్ని మరొక ఇంటికి మార్చుకోవడంపై తగవుపడితే, విగ్రహం కదిలించుకొనే వస్తువు కాదనీ, చట్టం దృష్టిలో ఒక వ్యక్తియనీ, దాని ఇష్టాన్ని విన్నవించడానికి తగవుతో సంబంధం లేని ప్రతినిధిని నియమించాలనీ అదే న్యాయపీఠం పలికింది.

కనుక పొలానికి యజమాని దేవుడు. ధర్మకర్త పొలానికి కాపరి.

కాపరి అన్న మాట ఊరకే వాడలేదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలను చదివినవారికి తెలుసు: అఖండదీపానికని దాత ఇచ్చిన గొర్రెలనో ఆవులనో ఒక బోయవానికి అప్పగించేవారు. పశువులు అతని మందలోనే మేస్తాయి. అతడు, అతని తరువాత అతని సంతతి, దీపానికి నిత్యం మానెడు నెయ్యి పోయాలి. అటువంటి దానశాసనాల చివర తరచుగా ఒక శాపశ్లోకం ఉంటుంది. దానిలో నాకు ఆశ్చర్యం కలిగించేది, ధర్మాన్ని హరించేవారి జాబితాలో ఇతరులతో పాటు దాతను కూడా చేర్చడం.

మన ట్రస్టుకు శాశ్వత అన్నదానమని మీరిచ్చే విరాళం కూడా ఆ గొర్రెల మంద వంటిదే. అసలు కదలదు, వడ్డీయే నెయ్యి. శాసనభాషలో దీనిని అక్షయనీవి అంటారు. నాసిక్ గుహలో ఉషవదాతుడు చెక్కించిన శాసనంలో మూడు వేల కార్షాపణాలను రెండు సాలెవారి శ్రేణులలో అక్షయనీవిగా ఉంచి, రెండు వేలకు నెలకు నూటికి ఒకటి, వెయ్యికి నూటికి ముప్పాతిక చొప్పున వడ్డీ నిర్ణయించాడు. రసీదులో "శాశ్వత నిధికి" అని వ్రాయించుకోక, ఊరక "విరాళం" అని వ్రాయించుకొన్న సొమ్ము ఈ ఏడే ఖర్చు కావచ్చు. దాతలు దయచేసి ఆ ఒక్క మాట చూసుకోవాలి.

జ్యేష్ఠంలో ఆ రైతు మళ్లీ వచ్చారు. ఈసారి సరిగా చెప్పాను: పొలం మీ ఇంటికి తిరిగి రాదండీ, మీ నాన్నగారు బ్రతికి ఉన్నా రాదు. ధర్మకర్తలు అమ్ముకోవడానికీ వీలులేదు, దేవాదాయ శాఖ ముందస్తు అనుమతి లేనిదే ఆ అమ్మకం చెల్లదు. కౌలు ఎంత వస్తున్నది, దీపానికి ఎంత పోతున్నది అని మాత్రం మీరు నిస్సంకోచంగా అడగవచ్చు. అందులో అపచారమేమీ లేదు.

ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ఈ ఏడు కౌలు ఎంతో కనుక్కుంటానండీ" అని లేచారు.