జీవశాస్త్రం - రెండవ అవకాశం

తాండూరు నాపరాళ్ల పాలిషింగు యూనిట్‌లో కొలువు చేస్తూ వైద్యుడు కావాలని తలపోసే యువకుని స్థితి యోచింపదగినది. ఇంటర్మీడియట్‌లో అతడు చదివినది ఎం.పి.సి. జీవశాస్త్రం లేనందున ఒకప్పుడు అతనికి ఆ ద్వారం మూసి ఉండేది. పన్నెండవ తరగతి ముగిసిన పిమ్మట గుర్తింపు పొందిన బోర్డు నుండి ఆ శాస్త్రాన్ని అదనపు విషయంగా చదివి ఉత్తీర్ణులైనవారికీ 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నీట్ అర్హత కల్పించింది. అదే ఏడు వికారాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

మన ఇంటర్ బోర్డులో జీవశాస్త్రమంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అనే రెండు విషయాలు. నీట్‌లోని 720 మార్కులలో 360 వీటివే. ఒంటిమీది రాతిపొడి కడుగుకొని రాత్రివేళ పుస్తకం పట్టేవాడు ముందుగా వీటికే కాలం కేటాయించడం ఉచితం. భౌతిక, రసాయన శాస్త్రాలు ఎప్పుడో చదివినవే కదా అని ఏమరరాదు. మిగిలిన సగం మార్కులు వాటివి. ప్రయోగపరీక్షల రోజులకు సెలవు మాత్రం యజమానిని ముందే అడిగి ఉంచుకోవాలి.