ముంపు రోజులకు మందుల డబ్బా

2024 సెప్టెంబరు 1న తెల్లారేసరికి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి బుడమేరు వాగు వచ్చేసింది. కింది అంతస్తులు మునిగాయి, జనం మేడలెక్కారు. తర్వాతి రోజుల్లో పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నం పొట్లాలూ మంచినీళ్లూ మందులూ మోశాయి. పులిహోర పొట్లం ఏ డాబా మీద దించినా ఎవరికైనా పనికొస్తుంది. మందు అలా కాదు. పక్కింటాయన వేసుకునే బీపీ మాత్ర ఈ ఇంటి పెద్దావిడకు సరిపోకపోవచ్చు. ఆమెకు ఏ ఇన్సులిన్ కావాలో, ఎన్ని యూనిట్లో పడవ నడిపే కుర్రాడికి ఎలా తెలుస్తుంది? ఆమె మందు ఆ ఇంట్లోనే ముందుగా ఉండాలి.

మందుల షాపుల్లో అమ్మే ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిస్తే దూది, గాజుగుడ్డ, ప్లాస్టర్లు, కత్తెర కనిపిస్తాయి. అవీ కావాలి. కానీ వరదలో, తుపానులో చిక్కుకున్న ఇంటికి మొదట ముంచుకొచ్చేది తరచుగా దెబ్బ కాదు, రోజూ వేసుకునే మాత్ర అయిపోవడం. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, గుండె జబ్బు, ఆస్తమా... వీటి మందులు రెండు మూడు రోజులు ఆగితే ఏమవుతుందో ఆయా రోగులకు తెలుసు. ఫిట్స్ మందు, కొన్ని గుండె మందులు ఉన్నట్టుండి మానేయడం మరీ ప్రమాదం. అందుకే డబ్బా సర్దడం మొదలుపెట్టాల్సింది షాపు దగ్గర కాదు, ఇంట్లోవాళ్ల చీటీల దగ్గర. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు, రోజుకెన్ని? ఒక్కొక్కరికి కనీసం వారం రోజుల మందు అదనంగా ఉండేలా చూసుకోవాలి. డాక్టరుకు సంగతి చెబితే చీటీలో ఆ మేరకు ఎక్కువ రాస్తారు. ఆ వారం మందును అలాగే మూలన పడేయకూడదు. కొత్తది తెచ్చినప్పుడల్లా పాతది ముందు వాడి, కొత్తది డబ్బాలో పెట్టాలి.

ఇన్సులిన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు, ఫోన్లు మూగబోయాయి. ఫ్రిజ్‌లు పనిచేయని ఆ రోజుల్లో ఇన్సులిన్ వాడేవాళ్ల మొదటి భయం సీసా పాడైపోతుందేమోనని. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్నది నిజమే. తెరిచిన సీసా మాత్రం, మరీ వేడి తగలకుండా చూసుకుంటే, చాలా రకాల్లో నాలుగు వారాల వరకు బయటే నిలుస్తుంది. ఎన్ని రోజులన్నది కంపెనీ కాగితంలో ఉంటుంది. కరెంటు పోతే రెండు మట్టి కుండలు అక్కరకొస్తాయి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి తడుపుతూ ఉండాలి. నీరు ఆవిరయ్యే కొద్దీ లోపల చల్లబడుతుంది. సీసాను తడి తగలకుండా కవర్లో చుట్టి చిన్న కుండలో పెట్టాలి. కంగారుపడి ఐసుముక్కల మధ్య పూడ్చకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఆస్తమా ఉన్న ఇళ్లలో నెబ్యులైజర్ ఉంటే అదే ధైర్యం. కరెంటు లేనప్పుడు అది ఆడదు. ఇన్‌హేలరూ, దానికి తగిలించే స్పేసరూ డబ్బాలో ఉంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇక అందరి ఇళ్లలోనూ ఉండి తీరాల్సింది ఓఆర్‌ఎస్. వరద తగ్గాక వచ్చే రెండో వరద వాంతులు, విరేచనాలు. ఈ పొడి విలువ ప్రపంచానికి తెలిసింది కూడా ఒక విపత్తులోనే. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది కాందిశీకులు పశ్చిమ బెంగాల్లోకి వచ్చినప్పుడు, సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి 30 దాకా ఉన్న మరణాలు ఆయన బృందం చూసిన రోగుల్లో 4 కంటే తక్కువకు పడిపోయాయి. చనిపోయాక, 2023లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

అది పనిచేసే తీరు తెలిస్తే కొలత ఎందుకు తప్పకూడదో అర్థమవుతుంది. పేగు గోడ గ్లూకోజును పీల్చుకునేటప్పుడు ఉప్పులోని సోడియాన్నీ జంటగా లాక్కుంటుంది, వాటి వెనకే నీరు వెళ్తుంది. విరేచనాలవుతున్నా ఈ దారి మూతపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సోడియం సిట్రేట్ ఉంటాయి. చక్కెర మోతాదు మించితే నీరు శరీరంలోకి వెళ్లకపోగా పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. అందుకే లీటరు పొట్లాన్ని గ్లాసులో కలపకూడదు, సగం పొట్లం అంచనాగా వేయకూడదు. పక్కన లీటరు సీసా ఒకటి ఉంచుకుంటే కొలతకు వెతుక్కోనక్కర్లేదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపొచ్చు. చెంచా చిన్నదే కావాలి, తలగొట్టి కొలవాలి.

పేరులో ఓఆర్‌ఎస్ ఉన్న ప్రతిదీ ఓఆర్‌ఎస్ కాదన్నది కూడా కొనేవాళ్లు గుర్తుంచుకోవాలి. తీపి పానీయాలను ఆ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ మాట వాడొద్దని ఉత్తర్వులిచ్చింది. డబ్బాలో పెట్టే పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందన్న మాట ఉందో లేదో చూసి కొనాలి. పిల్లలున్న ఇంట్లో దానికి తోడు జింకు మాత్రలు ఉండాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున, విరేచనాలు తగ్గినా సరే, 14 రోజులు ఇవ్వాలి. ఇవి రెండూ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి.

ఓఆర్‌ఎస్ కలిపే నీరే మురికిదైతే పడిన శ్రమంతా వృథా. గ్యాసు ఉంటే నీళ్లు తెర్లేదాకా కాచాలి. లేనప్పుడు మడతలు వేసిన గుడ్డతో వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ఒక్కో మాత్ర ఎన్ని లీటర్లకో కంపెనీని బట్టి మారుతుంది, అట్ట మీద చదవాల్సిందే.

గాయాలకు ఎక్కువ సరంజామా అక్కర్లేదు. గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజీ, క్రేప్ బ్యాండేజీ, మైక్రోపోర్ ప్లాస్టర్, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్, చేతి గ్లవుజులు, కత్తెర, డిజిటల్ థర్మామీటరు చాలు. దూదిని నేరుగా గాయం మీద పెడితే పీచు అంటుకుపోతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా అదిమి పట్టాలి. కాఫీ పొడి, సున్నం లాంటివి అద్దకూడదు. కాలితే 20 నిమిషాలు నీటి ధార కింద ఉంచాలి, టూత్‌పేస్టు పూయకూడదు. వరద నీటిలో తగిలిన గాయం చిన్నదైనా టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగాలి.

జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ ఒక్కటే ఉంచితే మంచిది. చాలా జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్కేసుకోవాలి. పిల్లలకు మోతాదు వయసుతో కాదు, బరువుతో. వరదల తర్వాత డెంగీ వచ్చే కాలం గనుక ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ తరహా మాత్రలు జ్వరానికి వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా మానకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు నొప్పి మాత్రల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ మాట ప్రతి గుమ్మానికీ వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడింది అక్కడే. డయాలసిస్ మీద బతికే మనిషికి డబ్బాలో పెట్టగలిగిన మందు లేదు. ఆ ఇంటివారు చేయగలిగింది, తమ కేంద్రం ఆగిపోతే వెళ్లాల్సిన రెండో కేంద్రం పేరు, ఫోను నంబరు, చివరి డయాలసిస్ వివరాలు రాసి పెట్టుకోవడం, తుపాను హెచ్చరిక రాగానే ముందుగా డయాలసిస్ చేయించుకోవచ్చా అని అడగడం.

పాము కాటుకు కూడా ఇంటి మందు లేదు. ముంపు వస్తే పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. కాటుపడ్డ కాలికి తాడు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర ఆసరాతో కాలు కదలకుండా కట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మాత్రం డబ్బాలో పెట్టకూడదు. పోయినసారి ఎవరికో రాసిన సగం కోర్సు ఈసారి జబ్బుకు సరిపోదు, నిజమైన రోగాన్ని కప్పిపుచ్చుతుంది కూడా.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోని ప్రశ్న. వరద భయంతో అటక ఎక్కిస్తే రేకుల ఇంట్లో ఎండాకాలం మందులు ఉడికిపోతాయి. చాలా మాత్రలు 30 డిగ్రీల లోపు ఉండాలి. మామూలు రోజుల్లో ఇంట్లోకెల్లా చల్లటి గదిలో, పిల్లలకు అందని గూట్లో ఉంచి, హెచ్చరిక వచ్చినప్పుడు పైకి చేర్చాలి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల జిప్ కవర్లు ఉంటే తడి చేరదు. మన షాపుల్లో స్ట్రిప్పును కత్తిరించి ఇస్తారు, మందు పేరూ గడువు తేదీ తెగిన ముక్కతోనే పోతాయి. నిల్వకు కొనేటప్పుడు మొత్తం స్ట్రిప్పు అడగాలి. గడువుగా నెల మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా అని అర్థం.

అదే డబ్బాలో ఒక కాగితం ఉండాలి. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, జబ్బు, మందు అసలు పేరు, మోతాదు, పడని మందులు, రక్తం గ్రూపు, డాక్టరు నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి కవర్లో పెట్టాలి. పునరావాస కేంద్రంలో వైద్య శిబిరం డాక్టరుకు ఆ కాగితం ఒక్కటే చాలు, వెంటనే మందు ఇవ్వడానికి. ఫోనులో ఫొటో ఉన్నా కాగితం మానకూడదు, చార్జింగు అయిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 నంబరు అందరికీ నోటికొచ్చినా, వాహనం రాలేని వీధిలో దగ్గరి ఆరోగ్య కేంద్రం నంబరే అక్కరకొస్తుంది.

బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా మే నెలలో, తిరిగి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. ఏప్రిల్లో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి డబ్బా విప్పి గడువులు చూసుకుంటే సరిపోతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక చాలాసార్లు రెండు మూడు రోజుల ముందే వస్తుంది. ఆ వ్యవధిలో తగ్గిన మందులు తెచ్చుకోవచ్చు, ఫోన్లూ టార్చిలూ చార్జింగు పెట్టుకోవచ్చు. కాన్పు దగ్గరపడ్డ గర్భిణి ఉంటే ఏఎన్ఎంకు చెప్పి, తల్లీబిడ్డల కార్డుతో సహా గాలి మొదలుకాకముందే ఆసుపత్రికి చేర్చవచ్చు.