అచ్చువేసిన రాగి: దాని బలాబలములు

గత సంవత్సరపు తల్లిదండ్రుల సమావేశమున, రాగిపాత్రల పనిలో చిరకాలము గడపిన ఒక తండ్రిగారు మమ్ము నిట్లడిగిరి: "మాష్టారూ, లోహాన్ని కూడా అచ్చువేస్తారని మావాడంటున్నాడు. సుత్తిదెబ్బ తగలని రాగికి బలమెక్కడిది? ఇక మా పని వాడికి నేర్పనక్కరలేదా?" ఆనాడు సరియైన సమాధానము చెప్పజాలకపోతిమి. చదివి తెలిసికొన్నంత ఇప్పుడు విన్నవించుచున్నాము.

సన్నని లోహపుపొడిని పలుచగా పరచి, కావలసినచోట మాత్రము లేజరు కిరణముతో కరగించి, దానిపై మరల పొడి పరచి కరగింతురు. ఇట్లు పొరమీద పొరగా వస్తువు పెరుగును. మన చెన్నపట్టణమున ఐ.ఐ.టి. ఆశ్రయమున 2017లో ఆరంభమైన అగ్నికుల్ సంస్థ, ఒకే ఖండముగా అచ్చువేసిన ఇంజనుతో 2024 మే 30న శ్రీహరికోట నుండి రాకెట్టు నెగురవేసినది. ఆ ఇంజను రాగి కాదు. ఇన్‌కోనెల్ అను నికెలు మిశ్రలోహము. రాగి దానికంటె ముప్పది రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. ఈ గుణమే రాకెట్టు నిపుణులకు ప్రియమైనది.

రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. ఇంజనులోని మంట 3000 డిగ్రీలు దాటవచ్చును. అయినను గోడ ఏల కరగదు? పొయ్యిమీది రాగిచెంబులో నీరున్నంతవరకు చెంబు చెడదు, నీరింకెనా, చెడును. అట్లే గోడలోని సన్నని కాలువలలో చల్లని ఇంధనము ప్రవహించుచు వేడిని కొనిపోవును. అట్టి కాలువలు గల రాగిమిశ్రమపు గోడను అమెరికాలోని నాసావారు 2015లో 8,255 పొరలుగా అచ్చువేసిరి. అందుకు పది దినముల పదునెనిమిది గంటలు పట్టెను.

చిక్కేమనగా, రాగికి వన్నె తెచ్చు గుణములే అచ్చుపనికి శత్రువులు. సాధారణ పరారుణ లేజరు కాంతిలో తొంబదివంతులకు పైగా రాగి అద్దమువలె త్రిప్పికొట్టును. గ్రహించిన కొద్ది వేడిని గూడ ప్రక్కలకు పంపివేయును. పొడి సరిగా కరగక లోపల రంధ్రములు మిగులును. రంధ్రము విద్యుత్తునకును వేడికిని అడ్డు, బలమునకు లోటు. ఆకుపచ్చ కాంతిని రాగి ఎక్కువగా గ్రహించును గనుక నేడు ఆ లేజర్లను వాడుచున్నారు.

ఇక బలము మాట. ఆ తండ్రిగారి సందేహమున సత్యము కలదు. అచ్చువేసిన శుద్ధమైన రాగి, సుత్తిదెబ్బలకు గట్టిపడిన రేకంత బలమైనది కాదు. పొరలను విడదీయు దిక్కున లాగినచో తరచు మరికొంత బలహీనము. వారు గట్టిపడిన రాగిని కాల్చి మెత్తబరతురు గదా! క్రోమియము, జిర్కోనియము స్వల్పముగా కలిపిన రాగి విషయమున దీనికి విరుద్ధము జరుగును. అచ్చువేసిన పిదప దాదాపు 500 డిగ్రీల వద్ద కొన్ని గంటలుంచినచో, రాగిలో కరగియున్న క్రోమియము సూక్ష్మకణములై వెలికివచ్చి బలమును, విద్యుద్వాహకతను రెంటిని పెంచును. వేడి తగ్గినను, మిక్కుటమైనను ఫలము చెడును. ఏ వేడికి లోహమెట్లు మారునో చేతితో ఎరిగినవాని పిల్లవానికి ఇది కొత్త పాఠమే గాని పరాయి పాఠము కాదు. కావున ఆ పని నేర్పుడనియే మా మనవి.

రంధ్రములున్నవో లేవో తెలియుటకు కర్మాగారములలో ఎక్స్‌రేలు వాడుదురు. మన విజ్ఞానశాల త్రాసు చాలు ఒక మెట్టునకు: వస్తువును గాలిలోను, నీటిలోను తూచవలెను. శుద్ధమైన రాగి ఘనసెంటీమీటరుకు 8.96 గ్రాములు. 8.78 వచ్చినచో, నూటికి రెండువంతులు లోపల బోలు.