నిరుద్యోగ భృతి – హాజరుపట్టీ

మొగల్తూరు ప్రాంతమున నొకప్పుడు వరిచేలుగా నుండిన భూము లనేకము రొయ్యల చెరువులైనవి. చెరువుల వెంట రొయ్యల శుద్ధి కర్మాగారములును వెలసినవి. గట్టుమీది కాపలావాడు మొదలు తలలు దీసి పొట్టొలుచు స్త్రీల వరకు నెన్నో కుటుంబములు దీనిపై బ్రతుకుచున్నవి. ఈ సరకునకు ధర కట్టునది మాత్రము దూరదేశపు విపణి. 2025 ఆగస్టు 27వ తేదీ నుండి అమెరికా ప్రభుత్వము మన సరకు లనేకముపై 50 శాతము సుంకము విధించినప్పుడు చెరువుల యజమానులు కలవరపడిరి. వారి మొరను పత్రికలు ప్రకటించినవి, ప్రభుత్వములు విన్నవి. అది న్యాయమే. కాని పని తగ్గిన దినమున “రేపు రానక్కరలేదు” అను నొక్క మాటతో నింటికి పంపబడు కూలిమనిషి మొర యెవరు వినవలెను?

చట్టమున దారి లేకపోలేదు. కార్మిక రాజ్య బీమా సంస్థ 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన నారంభించినది. పని పోయిన కార్మికునకు సగటు దినవేతనములో మొదట 25 శాతముగా నుండిన భృతి 2020లో 50 శాతమైనది. దినమునకు 400 రూపాయలు సంపాదించువానికి 90 దినములలో 18,000 రూపాయలు ముట్టును. ఇంటిల్లిపాది పస్తుండకుండ మరియొక పని వెదకుకొనుట కిది చాలును.

అయితే అర్హు లెవరు? పని పోవుటకు ముందు రెండేండ్లు బీమా గల యుద్యోగమున నుండవలెను. చివరి యారునెలల చందా కాలములో 78 దినములకును, అంతకు ముందరి మూడింటిలో నేదేని యొకదానియందు 78 దినములకును చందా చెల్లియుండవలెను. దుష్ప్రవర్తనకై తొలగింపబడినవారికిని, తమంత తాము విరమించినవారికిని ఈ భృతి లేదు.

ఆరు నెలలలో 78 దినములు పనిచేయుట మన కూలివారికి కష్టము కాదు. అన్ని దినములు పనిచేసినట్లు కాగితముపై నుండుటయే కష్టము. కిలోల లెక్కన కూలి పుచ్చుకొని, మేస్త్రీ వెంట నేడొక షెడ్డునకు, రేపొక షెడ్డునకు పోవు స్త్రీ పేరు ఏ హాజరుపట్టీలో నున్నది? ఆమెను తొలగించిరో, ఆమెయే మానెనో చెప్పు కాగిత మెక్కడ నున్నది? పట్టీలో లేని మనిషికి పని పోయినట్లు కూడ చట్టమునకు తెలియదు.

“వారు మేస్త్రీ మనుష్యులు, మాకు సంబంధము లేదు” అని కొందరు యజమానులు తప్పించుకొనుట కలదు. ఇది చెల్లని మాట. మధ్యవర్తి ద్వారా వచ్చిన కార్మికుని చందా సయితము మొదట అసలు యజమానియే చెల్లింపవలెనని 1948 నాటి చట్టము విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు నా భారమును తొలగింపలేదు.

2017 మార్చి 30న మొగల్తూరులోని యొక రొయ్యల కర్మాగారమున మురుగునీటి తొట్టిని శుభ్రపరుప దిగిన అయిదుగురు కార్మికులు విషవాయువువలన మరణించిరి. ఆ దినమున వారి పేర్లు దేశమంతటికిని తెలిసినవి. కార్మికుని పేరు ముందుగా జీతపు పుస్తకములో కనబడవలెను గాని మరణవార్తలో గాదు.

చట్టము లోపములును స్వల్పములు కావు. 1911లో బ్రిటను చేసిన శాసనము కొన్ని వృత్తులవారికే యైనను, ఏటికి 15 వారముల వరకు భృతి నొసగినది. మన యోజన యొసగు 90 దినములు జీవితమున కొక్కసారి మాత్రమే! రొయ్యకు తెగులు వచ్చుట జీవితమున కొక్కసారియేనా? విదేశపు సుంకము లొక్కసారియే పెరుగునా? నిరుద్యోగమున ప్రజలకు సహాయము పొందు హక్కు కల్పింప రాజ్యము తన శక్తికొలది పాటుపడవలెనని రాజ్యాంగము 41వ అధికరణము పలుకుచున్నది. స్వరాజ్యము వచ్చి యిన్నేండ్లైనను ఆ వాక్యము షెడ్డు గుమ్మము దాటి లోనికి పోలేదు.

కావున మేము కోరున దిది. భృతి జీవితమున కొక్కసారి యను నియమము తొలగవలెను. కిలోల లెక్కను దినముల లెక్కకు మార్చి చందా వ్రాయు పద్ధతి స్పష్టము కావలెను. పని మానిపించునప్పుడు కారణము తెలుపు చీటీ కార్మికుని చేతికీయవలెను. ఇవి ప్రభుత్వము చేయవలసినవి.

కాని హాజరుపట్టీ వ్రాయుటకు ఢిల్లీ యుత్తరువు రానక్కరలేదు. మా పాఠకులలో చెరువులు గలవారును, షెడ్లు నడపువారును ఉన్నారు. రొయ్య యెన్నవ గ్రేడు దైనది చీటీపై తప్పక వ్రాసికొను చేయి, దానిని ఒలిచిన మనిషి పేరును కూడ వ్రాయుగాక!