ఏడు సర్వర్లు సరే, ఎనిమిదోది?

2012 ఆగస్టు 1, బుధవారం. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉదయం తొమ్మిదిన్నరకు తెరుచుకుంది. ముప్పావుగంట తిరిగేసరికి నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. హ్యాకింగ్ జరగలేదు, మార్కెట్ కూలలేదు. ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సిన కొత్త కోడు ఏడింట్లోనే పడింది, అంతే.

ఆ మిగిలిపోయిన సర్వర్లో పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాం ఉంది. 2003లోనే వాడటం మానేశారు గానీ కోడు తీసేయలేదు. కొత్త ప్రోగ్రాంను నడిపించడానికి ఎంచుకున్న సంకేతం, ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపించిన సంకేతమే. దాంతో ఏడు సర్వర్లు కొత్త పని చేస్తుంటే ఎనిమిదోది పాత పనికి దిగింది. పైగా, అడిగినన్ని షేర్లు కొనడం పూర్తయిందా లేదా అని లెక్క చూసే భాగాన్ని 2005లో అక్కణ్నుంచి వేరే చోటికి మార్చారు. ఇక ఆపమని చెప్పేవాళ్లే లేరు. ఖాతాదారుల దగ్గర్నుంచి వచ్చినవి 212 చిన్న ఆర్డర్లు. వాటికోసం 154 కంపెనీల షేర్లలో సుమారు 40 లక్షల లావాదేవీలు, 39.7 కోట్లకు పైగా షేర్లు చేతులు మారాయి.

ఆ కంగారులో ఇంజినీర్లు చేసిన పని అసలు నష్టాన్ని మించిన పాఠం. తప్పంతా కొత్త కోడుదే అనుకుని, అది సరిగ్గా నడుస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. ఆ ఏడూ కూడా పవర్ పెగ్‌కే దిగాయి. వెనక్కి వెళ్లడం తప్పు కాదు. ఏ సర్వర్లో ఏ కోడు ఉందో ఒక్కచోట చూపించే పేజీ ముందు లేకుండా వెళ్లడమే కొంప ముంచింది. కోడు ఎక్కించింది ఒక టెక్నీషియన్. రెండో మనిషి సరిచూడలేదు, చూడాలని రాతపూర్వకమైన నియమమూ లేదు. ఈ సంగతులన్నీ అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2013 అక్టోబరులో 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేస్తూ ఇచ్చిన ఉత్తర్వులో ఉన్నాయి.

ఇప్పుడు పెద్ద సంస్థల్లో కోడును ఇలా చేత్తో ఎక్కించడం అరుదు. జెన్‌కిన్స్, గిట్‌ల్యాబ్, కుబర్నెటీస్, నోమాడ్ వంటి వేదికలు ఆ పనిని జాబ్‌లుగా విడగొట్టి నడుపుతాయి. కోడు పరీక్షించడం ఒక జాబ్, సర్వర్లలో పెట్టడం ఒక జాబ్, రాత్రిపూట డేటాబేస్ బ్యాకప్ తీయడం ఇంకొకటి. ఒక్కో జాబ్‌కూ ఒక వివరాల పేజీ ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారు, ఏ కోడు, ఏ యంత్రం మీద, ఎంతసేపు, చివరికి ఏమైంది అన్నవి అందులో కనిపిస్తాయి. కోడును గుర్తించేది దాని వెర్షన్ పేరు కాదు, కోడు మార్పులను నమోదు చేసే గిట్ ఇచ్చే నలభై అక్షరాల సంఖ్య. పేజీలో దాని మొదటి ఏడెనిమిది అక్షరాలే చూపిస్తారు. రెండు సర్వర్లలో ఆ అక్షరాలు వేరుగా ఉంటే రెండింట్లో ఉన్నది వేర్వేరు కోడు. ఇక చర్చ అక్కర్లేదు.

పేజీ తెరవగానే కన్ను రంగు మీదికే పోతుంది. పచ్చ అంటే విజయం, ఎరుపు అంటే వైఫల్యం. జెన్‌కిన్స్‌లో చాలా ఏళ్లపాటు విజయానికి నీలం బంతి ఉండేది. దాన్ని తయారుచేసిన కోసుకె కవాగుచి జపాన్ వాడు, అక్కడ వెళ్లమని చెప్పే ట్రాఫిక్ దీపాన్ని నీలమనే అంటారు. రంగు ఏదైనా దాని వెనక ఉన్నది ఒక్క అంకె. ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక సంఖ్య చెప్పి పోతుంది. సున్నా అయితే సవ్యం, మరేదైనా అయితే లోపం. వేదికకు తెలిసింది అంతే. పని నిజంగా జరిగిందా అన్నది దానికి తెలియదు.

ఒక బ్యాకప్ జాబ్ తీసుకుందాం. అందులో ఒకే వరుసలో రెండు ఆదేశాలు ఉంటాయి. మొదటిది డేటాబేస్‌ను బయటికి తీస్తుంది, రెండోది దాన్ని జిజిప్‌తో కుదిస్తుంది. లినక్స్ షెల్ మామూలుగా చివరి ఆదేశం చెప్పిన అంకెనే లెక్కలోకి తీసుకుంటుంది. డేటాబేస్ తెరుచుకోక మొదటిది విఫలమైనా, జిజిప్ తనకు అందిన శూన్యాన్నే బుద్ధిగా కుదించి సున్నా చెబుతుంది. జాబ్ పచ్చగా వెలుగుతుంది. ఫైలు సైజు చూస్తే 20 బైట్లు. రోజూ పన్నెండు నిమిషాలు పట్టే జాబ్ నాలుగు సెకన్లలో ముగిసిందంటే ఆ పచ్చరంగును నమ్మకూడదు. నా మటుకు నేను రంగు కంటే ముందు సమయం చూస్తాను.

ఎరుపు జాబ్ అంతకంటే నిజాయితీపరురాలు. ముగింపు అంకె 137 అని ఉందనుకోండి. 128కి పైన 9. లినక్స్‌లో తొమ్మిదో సిగ్నల్ అంటే ప్రోగ్రాంకు మారుమాటకు అవకాశం ఇవ్వకుండా చంపేయడం. కుబర్నెటీస్‌లో ఇది చాలాసార్లు ఇచ్చిన మెమరీ చాలక వచ్చే చావు. అదే 143 అయితే పదిహేనో సిగ్నల్, సర్దుకుని వెళ్లమని మర్యాదగా చెప్పారన్నమాట. మెమరీ చాలక చచ్చిన జాబ్‌ను అంతే మెమరీతో మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే చస్తుంది. ఈ తర్కం యంత్రానికి లేదు. కుబర్నెటీస్ తనంతట తాను, వేరే సంఖ్య చెప్పకపోతే ఆరుసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో 10 సెకన్లు, 20, 40 అలా విరామం పెంచుకుంటూ పోతుంది.

మళ్లీ నడపడంలో ఇంకో ప్రమాదం ఉంది. యూపీఐలో డబ్బు పంపితే పెండింగ్ అని చూపించినప్పుడు కంగారుపడి మళ్లీ పంపితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. సగం మందికి ఎస్సెమ్మెస్ పంపి ఆగిపోయిన జాబ్ మొదట్నుంచి నడిస్తే ఆ సగం మందికి రెండోసారి వెళ్తుంది. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే ఉండేలా రాసిన జాబ్‌కు మాత్రమే మళ్లీ నడిపే బటన్ క్షేమం. రద్దు బటనూ అంతే, ఇక ముందుకు పోకుండా ఆపుతుంది గానీ అప్పటికే జరిగిపోయినదాన్ని వెనక్కి తీసుకురాదు.

సరే, జాబ్ నిజంగానే విఫలమైంది, ఎర్రగానే ఉంది. ఎవరు చూశారు? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ అనుకుని అసలుదాని మీద తొలగింపు ఆదేశం ఇచ్చాడు. పొరపాటు గ్రహించి ఆపేలోపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే పనిముట్టు 9.2. అది ప్రతిసారీ లోపం చూపించి ఆగిపోతూ వచ్చింది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా వెళ్లాయి, వాటికి సరైన సంతకం లేదని మెయిల్ సర్వరు తిప్పికొట్టింది. వేరే పనికోసం ఒకరు ఆరు గంటల ముందు తీసిపెట్టిన నకలు ఉండబట్టి మిగతాది దక్కింది. జాబ్ పేజీలు తయారుచేసి ప్రపంచానికి ఇచ్చే సంస్థకే ఇలా జరిగింది. వాళ్లు దాచుకోలేదు, పునరుద్ధరణను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు.

నైట్ క్యాపిటల్‌లో ఈమెయిళ్లు అందాయి. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే పవర్ పెగ్ పేరుతో 97 వెళ్లాయి. వాటిని హెచ్చరికలుగా రూపొందించలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ జాబ్ పేజీలు శాశ్వతం కూడా కావు. గిట్‌హబ్ వేదికలో లాగ్‌లు, అంటే జాబ్ నడిచిన తీరు నమోదయ్యే రికార్డులు, గడువు మార్చుకోకపోతే 90 రోజులు ఉంటాయి. కుబర్నెటీస్‌లో వేళ ప్రకారం నడిచే జాబ్‌లైతే విజయవంతమైనవి మూడు, విఫలమైనది ఒక్కటే నిలుస్తాయి. శుక్రవారం రాత్రి విఫలమై, శనివారం మళ్లీ విఫలమైతే సోమవారం ఆఫీసుకొచ్చినవాళ్లకు దొరికేది శనివారందే. అసలు కారణం సాధారణంగా మొదటిదాంట్లో ఉంటుంది. లాగ్‌లను వేరే నిల్వకు పంపే ఏర్పాటు లేని చోట, మళ్లీ నడిపే బటన్ నొక్కకముందే ఆ లాగ్ మొత్తం కాపీ చేసి పెట్టుకోవాలి.