రాత్రి భోజనానికి వారపు నియమం

వైద్యుణ్ణి అయివుండీ నేను పూర్వం రాత్రి పదింటికి భుజించేవాణ్ణి. నాకోసం వేచివుండిన నా భార్యకు ఆమ్లపిత్తం వచ్చిన పిదపనే తప్పు తెలిసింది. నాటినుండి మా ఇంట ఎనిమిది లోపే అందరికీ ఒకే పంక్తి. ఏ రాత్రికి ఏ వంటకమో ఆదివారమే నిర్ణయిస్తాము. సోమవారం పెసరకట్టు, మంగళవారం బీరకాయ, బుధవారం జొన్నరొట్టె, గురువారం పులగం, శుక్రవారం సొరకాయ, శనివారం మిరియాల చారు. ఆదివారం పిల్లల కోరిక.

చరకుడు రాత్రివేళ పెరుగును నిషేధించాడు. బదులుగా పలుచని మజ్జిగ పుచ్చుకోవచ్చు. కడుపులో సగం అన్నానికి, పాతిక ద్రవానికి కేటాయించి, మిగిలిన పాతిక వాయుసంచారానికి విడువమన్నాడు వాగ్భటుడు.

పాఠకులారా, ఇటువంటి పట్టికను మీరూ వ్రాసుకొనండి. “రాత్రికేమి వండను?” అన్న చింత తొలగితే వంట వేళకు అవుతుంది, గృహిణి కూడా అందరితో పాటే వేళకు భుజిస్తుంది.